గన్ లైసెన్సు అప్పీల్లో సొంత విషయాలు అడిగితే ఎంతవరకు చెప్పాలి?

పొలంకాపరి:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాకు ఊరికి దూరంగా అడవి అంచున మామిడి తోట ఉంది. ఇల్లు కూడా తోటలోనే. అమ్మ, నేను, నా భార్య, పిల్లలు అక్కడే ఉంటాం, కేక వేస్తే పలికే దూరంలో ఇంకో ఇల్లు లేదు. మోటార్లు, కేబుళ్లు ఎత్తుకుపోయారు, ఒక రాత్రి ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు వాకిట్లోకే వచ్చారు, దానికి ఎఫ్ఐఆర్ కూడా ఉంది. అందుకని డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకి కోసం లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. ఏడాది దాటింది. పోలీసు విచారణే నెలల తరబడి సాగింది, ఆ తర్వాత ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో చెప్పే దిక్కు లేదు, చివరికి ఒక కాగితం వచ్చింది. "పోలీసు శాఖ సిఫారసు చేయనందున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది" అని ఒకే ఒక్క వాక్యం. దాని మీద రాష్ట్ర హోం శాఖకు అప్పీలు వేశాను, ఇప్పుడు హియరింగ్‌కు హాజరు కమ్మని నోటీసు వచ్చింది.

నాకు భయమంతా అక్కడ అడిగే ప్రశ్నల గురించే. పోలీసు విచారణలోనే చాలా తవ్వారు. కొన్నేళ్ల కిందట నా భార్య పుట్టింటికి వెళ్లి నా మీద 498ఏ (భర్త వేధింపుల) కేసు పెట్టింది, తర్వాత పెద్దలు మాట్లాడి కలిపారు, కోర్టులోనే రాజీ అయింది, ఇప్పుడు బాగానే ఉన్నాం. పంచాయతీ ఎన్నికలప్పుడు రెండు వర్గాల వాళ్లనీ తహశీల్దార్ దగ్గర శాంతిగా ఉంటామని బాండు రాయించుకుని బైండోవర్ చేశారు, అందులో నా పేరూ ఉంది. నాన్న పోయాక నిద్ర పట్టక, పని మీద మనసు నిలవక సైకియాట్రిస్టు దగ్గర కొన్నాళ్లు మందులు వాడాను. తోట మీద బ్యాంకు అప్పు ఉంది. ఇవన్నీ అడిగారు. మందుల సంగతి మాత్రం వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు హియరింగ్‌లో ఇవన్నీ మళ్లీ అడుగుతారా? అడిగితే చెప్పి తీరాలా, "ఇది నా సొంత విషయం" అనొచ్చా? అప్పీలు రాసిపెట్టిన రైటరు "లేదని చెప్పేయండి, ఎవరికి తెలుస్తుంది" అంటున్నాడు. నాకు అది నచ్చట్లేదు. ఇంకోపక్క నా భార్య, మన ఇంట్లో గొడవ మళ్లీ ఆఫీసుల్లో ఎందుకు పరవాలి అని బాధపడుతోంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఇలాంటి హియరింగ్‌కు వెళ్లినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

వకాల్తా:

పొలంకాపరి గారూ, ముందు ఆ రైటరు మాట పక్కన పెట్టేయండి. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 17(3)(సి) ఏం చెబుతుందంటే, ముఖ్యమైన సమాచారం దాచి గానీ తప్పుడు సమాచారం ఇచ్చి గానీ లైసెన్సు తెచ్చుకుంటే దాన్ని రద్దు చేయవచ్చు అని. అంటే ఈ రోజు అబద్ధం చెప్పి గెలిచినా, రేపు తోట సరిహద్దు గొడవలో ఎవడో ఒక పిటిషన్ పడేస్తే లైసెన్సు పోతుంది, పైగా అప్పుడు మీ మీద అబద్ధాలకోరు అన్న ముద్ర కూడా ఉంటుంది. ఉన్న విషయాల్లో ఏదీ మిమ్మల్ని నేరుగా అనర్హుణ్ణి చేసేది కాదు. దాచడం మాత్రం చేస్తుంది.

తర్వాత ఆ ఒక్క వాక్యం ఉత్తర్వు సంగతి. నా లెక్కలో మీ అప్పీలుకు అసలు బలం అక్కడే ఉంది. సెక్షన్ 14(3) ప్రకారం లైసెన్సు నిరాకరించినప్పుడు కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, మీరు అడిగితే క్లుప్తంగా ఆ కారణాలు ఇవ్వాలి, ఇవ్వడం ప్రజాహితం కాదని వాళ్లు భావిస్తే తప్ప. మీరు అడిగారా? అడగకపోతే ఈ రోజే రాతపూర్వకంగా అడిగి ఆ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. పోలీసు రిపోర్టును లైసెన్సు ఇచ్చే అధికారి పరిగణనలోకి తీసుకోవాలి గానీ దానికి సంతకం పెట్టి పంపే పని కాదు ఆయనది, తన బుర్ర పెట్టి ఆలోచించినట్టు ఉత్తర్వులో కనిపించాలి. ఈ మాట హైకోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. పైగా మీరు అడిగింది 20 అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న స్మూత్ బోర్ (గొట్టం లోపల గాడులు లేని) తుపాకి అయితే, అదీ రక్షణ కోసమైతే, సెక్షన్ 13(3) మీకు అనుకూలంగా ఉంది. ఇతర అభ్యంతరాలు లేకపోతే ఇవ్వాలి అన్న ధోరణిలోనే ఆ సెక్షన్ ఉంటుంది. అప్పీల్లో ఇది రాశారో లేదో చూసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. జవాబు చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేరు. కానీ మన దేశంలో తుపాకి ఉంచుకోవడం ప్రాథమిక హక్కు కాదు, అడిగేది మనం, కాబట్టి మనం యోగ్యులమని అవతలి అధికారికి నమ్మకం కలగాలి. "చెప్పను" అంటే ఆయన మీకు వ్యతిరేకంగా ఊహించుకోవచ్చు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చింది, నిజమే, కానీ చట్టం ఉండి, అవసరం ఉండి, ఆ అవసరానికి తగినంత మేరకే అడిగితే అది హక్కుకు భంగం కాదు. నేనైతే ప్రతి ప్రశ్ననూ ఇలా కొలుస్తాను: ఈ జవాబు వల్ల నా చేతిలో తుపాకి ఉంటే ఎవరికైనా ప్రమాదమా కాదా అన్నది తేలుతుందా? తేలితే చెప్పాలి. తేలకపోతే మర్యాదగా, "అయ్యా, ఇది ఏ అంశానికి సంబంధించి అడుగుతున్నారో చెబితే దానికి తగ్గట్టు జవాబిస్తాను" అనండి. ఆ మాటతోనే సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

498ఏ విషయం. ఆయుధాల చట్టం సెక్షన్ 9 ప్రకారం అడ్డుపడేది శిక్ష. హింస లేదా నైతిక పతనానికి సంబంధించిన నేరంలో జైలు శిక్ష పడితే, శిక్ష ముగిశాక అయిదేళ్ల దాకా తుపాకి ఉంచుకోకూడదు. మీకు శిక్షే పడలేదు. కోర్టు అనుమతితో రాజీ అయిన కేసుకు సీఆర్పీసీ (నేర విచారణ ప్రక్రియ చట్టం) 320 కింద నిర్దోషిగా విడుదలైన ఫలితమే ఉంటుంది. కేసు నంబరు, కోర్టు పేరు, కేసు ముగిసిన తేదీ, ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, ఇవి ఇచ్చి ఆపేయండి. ఎవరిది తప్పు, అత్తగారు ఏమన్నారు, మీరు ఏమన్నారు, ఆ కథలోకి దిగొద్దు. దిగితే అందులో ఏదో ఒక మాట పట్టుకుని ఇంకో పది ప్రశ్నలు వస్తాయి.

బైండోవర్‌కు కూడా అంతే. బాండు అమల్లో ఉన్నంత కాలమే సెక్షన్ 9 అడ్డు. పాత సీఆర్పీసీ 107 కింద, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 126 కింద, శాంతి భద్రతల బాండు ఏడాదికి మించదు. గడువు అయిపోయిందని, ఆ కాలంలో బాండు ఉల్లంఘన ఏదీ లేదని తహశీల్దార్ ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకోండి. అప్పు గురించి అడిగితే దాచనక్కర్లేదు, సిగ్గుపడనక్కర్లేదు, చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని సెక్షన్ 14(2)లోనే ఉంది.

మందుల విషయం డాక్టర్లు ఎవరైనా ఉంటే వాళ్లు చెబితే బాగుంటుంది. ఒక్కటి మాత్రం అడగాలి, లైసెన్సు దరఖాస్తు ఫారం ఏ-1లో మీరు ఏం రాశారు? అక్కడ తప్పు రాసి ఉంటే హియరింగ్ కన్నా ముందే అఫిడవిట్‌తో సరిదిద్దుకోవాలి.

పొలంకాపరి:

చాలా థాంక్స్ సార్. ఫారంలో శిక్షలు, బాండ్లు అడిగారు, శిక్షలు లేవని, బైండోవర్ ఉందని రాశాను. దరఖాస్తుతో ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్ ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు ఇచ్చారు, ఆయన పాత మందుల గురించి అడగలేదు, బీపీ చూసి కళ్లు చూసి రాసిచ్చారు. 14(3) కింద కారణాలు అడగొచ్చని నాకు తెలియదు, రేపే లెటర్ ఇస్తాను.

పాతఠాణా:

నేను స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి విచారణలకు వెళ్లినవాణ్ణి. అవతలి వైపు నుంచి చెబుతాను.

మేము అడిగే ప్రశ్నలు చాలామందికి అవమానంగా అనిపిస్తాయి. భార్యతో ఎలా ఉంటావు, తాగుతావా, అన్నదమ్ములతో పొలం తగాదా ఉందా, కొడుకు ఏం చేస్తుంటాడు, ఇంటికి ఎవరెవరు వస్తుంటారు. ఇందులో ఏదీ సరదాకి అడిగేది కాదండీ. ఇంట్లో తుపాకి ఉన్నప్పుడు ఒక రాత్రి గొడవ ఎలా ముగుస్తుందో చూసినవాళ్లకు తెలుస్తుంది ఎందుకు అడుగుతామో. దొంగ మీద పేలిన తుపాకులకన్నా సొంతవాళ్ల మీద, తమ మీద తాము పేల్చుకున్న తుపాకుల కేసులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అందుకే 498ఏ ఉందంటే ఏ ఎస్ఐ అయినా కలం ఆపుతాడు, అక్కడ ఆపకపోతే రేపు జరగరానిది జరిగితే రిపోర్టు రాసినవాణ్ణే అడుగుతారు. "సిఫారసు చేయడం లేదు" అని రాయడం సులువు, దానివల్ల రాసినవాడికి ఏ ఇబ్బందీ రాదు. ఇది సరైన పద్ధతి అని నేను అనను, చదివినవాడికి కారణం తెలియని రిపోర్టు రిపోర్టే కాదు, కానీ జరుగుతున్నది అదే. మీ ఫైలు ఎస్ఐ, సీఐ, డీఎస్పీ దాటి ఎస్పీ ఆఫీసుకు వెళ్లేసరికి పైవాళ్లు కింద రాసిన ఒక్క ముక్కే చూస్తారు.

హియరింగ్‌లో కూర్చున్న అధికారి మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు. ఆయన దగ్గర ఉన్నది ఆ ముక్క, ఎదురుగా మీరు. మీరు చెప్పే జవాబు కన్నా చెప్పే తీరు చూస్తాడు. భార్య సంగతి అడగ్గానే గొంతు పెంచి "అది అయిపోయింది కదా, ఎన్నిసార్లు అడుగుతారు" అన్నవాళ్లను చూశాను, ఆ క్షణంలోనే ఫైలు ముగిసిపోతుంది, ఎందుకంటే కోపం వస్తే ఈ మనిషి ఏం చేస్తాడు అన్న ప్రశ్నకు జవాబు దొరికేసింది. నెమ్మదిగా, "అవునండీ, కేసు ఉండేది, ఫలానా తేదీన రాజీ అయింది, కాపీ ఇదిగో, అప్పటినుంచి కలిసే ఉంటున్నాం" అంటే ఇంక అడగడానికి ఏమీ ఉండదు.

ఇంకో రెండు సంగతులు. తుపాకి ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, తూటాలు ఎక్కడ, పిల్లలకు అందుతుందా, ఇవి అడుగుతారు. ఇవి సొంత ప్రశ్నలు అనుకోకండి, వీటికి గట్టి జవాబు ఉంటే మిగతా సందేహాలు చాలావరకు చల్లబడతాయి. గోడకు బిగించిన ఇనుప బీరువా, తూటాలకు వేరే తాళం, ఫోటోలు తీసి పట్టుకెళ్లండి. సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉంటే ముందే చూపించండి.

రెండోది, పొరపాటున కూడా పందుల్ని కొట్టడానికి అని నోరు జారొద్దు. అడవి పక్కన తోట అనగానే అడుగుతారు. అడవి పందిని కాల్చాలంటే వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి వేరే కావాలి, గన్ లైసెన్సు ఉన్నంత మాత్రాన కుదరదు. మీ దరఖాస్తులో కారణం ప్రాణ రక్షణ, ఆస్తి రక్షణ అని ఉంటే హియరింగ్‌లో కూడా అదే చెప్పాలి. కాగితం మీద ఒకటి, నోటితో ఇంకొకటి ఉంటే మీరు నిజం చెప్పినా నమ్మరు.

తెల్లకోటు:

నేను సైకియాట్రీలో పనిచేస్తాను. మందుల గురించి రాయమన్నారు కాబట్టి రాస్తున్నా.

నాన్నగారు పోయాక నిద్ర లేక డాక్టర్ దగ్గరకు వెళ్లి మందులు వాడడం అనేది ఒక మనిషి తన బాగు తాను చూసుకున్నాడనడానికి రుజువు. దాన్ని నేరం లాగా దాచుకోవాల్సిన పరిస్థితి మన దగ్గర ఇంకా ఉందంటే నాకు బాధగా ఉంటుంది. తుపాకి లైసెన్సు పోతుందేమో, ఉద్యోగం పోతుందేమో అని వైద్యానికే రాకుండా ఉండిపోయినవాళ్లు నిజంగా ప్రమాదంలో ఉంటారు, వచ్చి మందులు వాడి బాగుపడినవాళ్లు కాదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 చూడండి. సెక్షన్ 3లో, గతంలో చికిత్స తీసుకోవడం లేదా ఆసుపత్రిలో ఉండటం సంబంధిత విషయమే అయినా, కేవలం దాన్నిబట్టి ఇప్పుడు గానీ ఇకముందు గానీ మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు అని స్పష్టంగా ఉంది. అదే సెక్షన్లో, జబ్బు ఉందని తేలినా సరే, కోర్టు ప్రకటిస్తే తప్ప ఆ మనిషి మతిస్థిమితం లేనివాడు అని అర్థం కాదు అని కూడా ఉంది. ఆయుధాల చట్టం సెక్షన్ 14లో మానసిక స్థితి గురించి అభ్యంతరంగా పేర్కొన్నది మతిస్థిమితం లేకపోవడమే. కాబట్టి ఎవరైనా ఈ రెండింటినీ ఒకటి చేసి మాట్లాడితే ఈ సెక్షన్ చూపించండి. సెక్షన్ 23 కింద మీ వైద్య వివరాల గోప్యత మీ హక్కు, మీ డాక్టరు మీ అనుమతి లేకుండా మామూలుగా బయటపెట్టకూడదు.

అడిగితే ఎలా చెప్పాలి? "మా నాన్న చనిపోయినప్పుడు ఫలానా కాలంలో చికిత్స తీసుకున్నాను, డాక్టరు సలహా మేరకు ఆపేశాను, ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నానని సర్టిఫికెట్ ఇదిగో." ఇంతే. కేస్ షీట్లు, ప్రిస్క్రిప్షన్లు కట్ట కట్టి ఇవ్వొద్దు. మీరు ఆ గదిలో డాక్టరుతో చెప్పుకున్న మాటలు ఏ ఫైల్లోనూ ఉండాల్సిన పని లేదు. 2016 ఆర్మ్స్ రూల్స్‌లో ఫారం ఎస్-3 అని శారీరక, మానసిక ఆరోగ్యం గురించి, మత్తు పదార్థాల అలవాటు లేదని డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ ఉంటుంది. మీది బీపీ చూసి ఇచ్చారంటున్నారు కాబట్టి, మిమ్మల్ని చూసిన సైకియాట్రిస్టు దగ్గరకే వెళ్లి, పాత చికిత్స సంగతి తెలిసి ఇప్పుడు పరీక్షించి ఇచ్చిన కొత్త లెటర్ తీసుకోండి. అన్నీ తెలిసిన డాక్టరు రాసిన నాలుగు వాక్యాలకు ఉండే విలువ, ఏమీ తెలియని డాక్టరు ఇచ్చిన క్లీన్ సర్టిఫికెట్‌కు ఉండదు.

సర్టిఫికెట్ కోసం మందులు మధ్యలో ఆపేసేవాళ్లు ఉంటారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మందులు వాడుతూ ఉన్నాసరే అదే మాట డాక్టరు రాస్తారు, నిలకడగా ఉంటే ఆ మాటా రాస్తారు.

ఇంకో మాట, ఇది మీకే కాదు, ఈ థ్రెడ్ చదివే అందరికీ. చనిపోవాలన్న ఆలోచనలు ఇప్పుడు వస్తుంటే, లేదా ఇంట్లో ఎవరికైనా వస్తుంటే, అప్పీలు వాయిదా వేసుకోండి. ఆ ఆలోచన ఎంత బలంగా వచ్చినా చాలాసార్లు కాసేపటికి తగ్గుతుంది, చేతికందే దూరంలో తుపాకి ఉంటే తగ్గేదాకా సమయం ఉండదు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే లైసెన్సు ఉన్నవాళ్లయితే అలాంటి రోజుల్లో తుపాకిని లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో స్టేషన్లోనో డిపాజిట్ చేయొచ్చు.

ఎదురుచూపు:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు తిరస్కరణ కాగితం కూడా రాలేదు. దరఖాస్తు పెట్టి చాలా కాలమైంది, స్టేషన్లో అడిగితే పంపించేశాం అంటారు, పై ఆఫీసులో అడిగితే రాలేదంటారు. దీని మీద అప్పీలు ఎలా వేయాలి? నా ఇంటి వివరాలు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు వచ్చి రాసుకెళ్లారు.

వకాల్తా:

ఎదురుచూపు గారూ, ఉత్తర్వు లేకుండా ఆయుధాల చట్టం సెక్షన్ 18 కింద అప్పీలు కుదరదు. ఆ సెక్షన్ మొదలయ్యేదే లైసెన్సు ఇచ్చే అధికారి ఉత్తర్వుతో. అందుకే కొన్ని ఫైళ్లు కావాలని కదలవు అనిపిస్తుంది, కాదన్న కాగితం ఇస్తే సవాలు చేస్తారు, ఏమీ ఇవ్వకపోతే ఏమీ చేయలేరు అని.

కానీ దారి ఉంది. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం పోలీసు రిపోర్టు 30 రోజుల్లో రావాలి, రిపోర్టు అందాక 60 రోజుల్లో నిర్ణయం తీసుకోవాలి. గడువులోగా రిపోర్టు రాకపోతే ఇక దాని కోసం ఆగకుండా నిర్ణయం తీసుకునే అధికారం కూడా సెక్షన్ 13(2ఏ) ఇచ్చింది. ముందు ఈ గడువులన్నీ గుర్తు చేస్తూ లైసెన్సు ఇచ్చే అధికారికి, అంటే మీ ప్రాంతాన్ని బట్టి కలెక్టర్ లేదా పోలీస్ కమిషనర్‌కు, ఒక రిప్రజెంటేషన్ (వినతిపత్రం) రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దాంతోపాటు 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. ఆర్టీఐలో "రిపోర్టులో ఏముంది" అని అడిగితే దర్యాప్తు, గోప్యత అని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. "నా దరఖాస్తు ఏ తేదీన ఏ విభాగం నుంచి ఏ విభాగానికి వెళ్లింది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, రిపోర్టు అందిన తేదీ ఏది" అని అడగండి. దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవేవీ కదిలించకపోతే ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్. మామూలుగా కోర్టు లైసెన్సు ఇమ్మని చెప్పదు, ఇన్ని వారాల్లోగా ఏదో ఒక నిర్ణయం తీసుకోండి అని చెబుతుంది. మీకు కావాల్సింది కూడా ముందు అదే.

ముగ్గురు వచ్చారంటున్నారు కదా, ఎవరు వచ్చారు, ఏం అడిగారు, మీరు ఏం చెప్పారు, ఒక నోటుబుక్‌లో తేదీలతో రాసి పెట్టుకోండి. స్టేషన్ సిబ్బందికి, స్పెషల్ బ్రాంచి వాళ్లకు, రెవెన్యూ వాళ్లకు ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు వెళ్తే ఆ తేడానే రేపు అభ్యంతరం అవుతుంది. మీరు అబద్ధం చెప్పక్కర్లేదు, ఒకసారి తేదీ తప్పు చెబితే చాలు.

పొలంకాపరి:

డాక్టరు గారూ, మీరు రాసింది నా భార్యకు చదివి వినిపించాను. మందుల సంగతి అడిగితే చెప్పేస్తాను, లెటర్ కోసం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పాతఠాణా గారూ, బీరువా ఉంది, తూటాలకు వేరే పెట్టె చేయిస్తున్నాను.

ఇంక మిగిలింది కేసు విషయం. నా భార్యను హియరింగ్‌కు తీసుకెళ్లాలా, లేకపోతే ఆమెతో నోటరీ అఫిడవిట్ రాయించి ఇస్తే సరిపోతుందా? ఆమెకు అందరి ముందూ మాట్లాడటం ఇష్టం లేదు, అఫిడవిట్ అయితే పెడతానంటోంది.

నీలిగోరింట:

నేను లాయర్ని కాదు, పోలీసునీ కాదు. మా ఇంట్లో మా ఆయన పేరు మీద తుపాకి ఉంది, కాబట్టి నన్నూ అడిగారు ఒకప్పుడు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట రాయాలనిపించింది.

అన్నా, ముందు ఆమెను మీరు అడగండి. అఫిడవిట్ పెడతావా అని కాదు, ఇంట్లో తుపాకి ఉండటం నీకు ఇష్టమేనా అని. ఆ రాత్రి దొంగలు వచ్చినప్పుడు ఆమె కూడా ఇంట్లోనే ఉంది కదా, బహుశా ఆమె కూడా కావాలనే అనుకుంటుండొచ్చు. లేదా ఒకప్పుడు కేసు పెట్టేదాకా వెళ్లిన మనిషికి మనసులో ఎక్కడో భయం మిగిలి ఉండొచ్చు, మీతో చెప్పలేకపోవచ్చు. ఆమె కాస్త తటపటాయించినా మీరు ఆగండి. కుక్కలు, సీసీ కెమెరాలు, మంచి గేటు, వాటితో చేయగలిగింది చాలా ఉంది. నేను ఇది మిమ్మల్ని అనుమానించి అనట్లేదు, మీరు రాసిన తీరులోనే ఆమె బాధ పట్టించుకున్నారని తెలుస్తోంది.

ఆమె నిజంగా సరే అంటే, అఫిడవిట్‌లో ఆమె సొంత మాటలు ఉండాలి. రైటరు రాసిన "నా భర్త ఉత్తముడు, నాకు ఎలాంటి అభ్యంతరం లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టించకండి. మా విచారణకు వచ్చిన ఆఫీసరు అలాంటి కాగితం పక్కన పెట్టి, మా ఆయన్ని బయట కూర్చోమని నన్ను వేరుగా అడిగాడు. నాకు అప్పుడు అది మంచి పద్ధతి అనిపించింది. మీ ఆమెను కూడా అలా అడిగితే, మీరు అడ్డు చెప్పకండి. అందరి ముందూ మాట్లాడటం ఇష్టం లేకపోతే, వేరుగా ఒక మహిళా అధికారి ముందు చెప్పే అవకాశం ఇవ్వమని మీరే అడగొచ్చు కదా, లాయర్ గారు చెప్పాలి.

వకాల్తా:

అడగొచ్చు, అలా అడగడమే మంచిది. ఆమె రావాలన్న నిబంధన ఏదీ లేదు, నోటీసులో ఆమె పేరు లేకపోతే అఫిడవిట్ చాలు. అందులో రాజీ తేదీ, అప్పటినుంచి కలిసి ఉంటున్న సంగతి, తుపాకి విషయం తనకు తెలుసు అన్న సంగతి ఉంటే సరిపోతుంది, పాత గొడవ వివరాలు ఒక్క ముక్క కూడా అక్కర్లేదు. "అవసరమనుకుంటే నా వాంగ్మూలం విడిగా తీసుకోవచ్చు" అన్న వాక్యం ఆమె ఇష్టపడితే చేర్చండి.

మీ విషయానికి వస్తే, హియరింగ్‌కు నోటి మాటలు మాత్రమే పట్టుకుని వెళ్లకండి. అప్పీలుదారు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా అప్పీలు తేల్చకూడదని సెక్షన్ 18లోనే ఉంది, కానీ మీరు అక్కడ చెప్పింది రికార్డులోకి ఎక్కుతుందన్న హామీ లేదు. రెండు మూడు పేజీల్లో రాతపూర్వక వాదన తయారు చేసుకోండి. కేసు, బైండోవర్, చికిత్స, అప్పు, ఒక్కోదానికి ఒక పేరా, దాని వెనక కాగితం, చివర్లో తుపాకి ఎలా భద్రపరుస్తారో ఫోటోలు. దొంగతనం ఎఫ్ఐఆర్ కాపీ అన్నిటికన్నా పైన పెట్టండి. రెండు సెట్లు పట్టుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. అప్పీలు కూడా పోతే హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది, అక్కడ జడ్జి ముందు ఉండేది ఆ స్టాంపు ఉన్న సెట్టే. 14(3) కింద కారణాలు వస్తే ఇక్కడ పెట్టండి, వాటికి జవాబు ఎలా రాయాలో చూద్దాం. హియరింగ్ కన్నా ముందు కారణాలు రాకపోతే, అవి అందేదాకా వాయిదా కోరుతూ ఒక చిన్న లెటర్ కూడా రెడీగా ఉంచుకోండి.